ఎవరెట్ గారిని వదిలేయండి

యూటికా ఊళ్లో బ్లాండీనా వీధిలో ఫిలొమీనా గ్రెకో అనే ఆవిడ ఉండేది. బడి క్యాంటీన్లో వంట ఆవిడదే. వారమంతా పిల్లలకి వండి వండి, ఆదివారం పూట మళ్లీ ఇంట్లో పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టేది. టొమాటో రసంలో మాంసం ముక్కలు నెమ్మదిగా ఉడుకుతుంటే, కిటికీ పక్కన రేడియో మోగుతుండేది. ఆదివారం పదకొండింటికి "తెర లేచింది" కార్యక్రమం. బ్రాడ్వే నాటకాల పాటలు, పాత రికార్డులు, ఆ నాటకాల వెనక కబుర్లు. చెప్పేవాడు ఎవరెట్ లిండ్‌క్విస్ట్. పాతికేళ్లకి పైగా ఆ గొంతు ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

ఫిలొమీనా ఆ నాటకాల వీధి బ్రాడ్వేకి వెళ్లింది జీవితంలో రెండే సార్లు. రెండోసారి వెళ్లినప్పుడు దొరికిన సీటు స్తంభం వెనకది. అయినా నాటకాల పాటలంటే ఆవిడకి చిన్నప్పటి నుంచీ ప్రాణం. హైస్కూల్లో ఉండగా నాటకం వేస్తే బృందగానంలో నిలబడింది. ఆవిడకంటూ ఇచ్చింది ఒకే ఒక్క మాట. "గుర్రాలు వచ్చేశాయి!" అని అరవాలి. ఎంత గట్టిగా అరిచిందంటే ముందు వరసలో వాళ్ల తాతయ్య నిద్రలోంచి లేచి, "ఎక్కడ?" అన్నాడు. ఆ కథ ఇంట్లో ఇప్పటికీ ప్రతి పండక్కీ ఎవరో ఒకరు చెప్తారు.

పాటలు నచ్చడం ఒక ఎత్తు. ఎవరెట్ మీద ఆవిడకున్న గురి ఇంకో ఎత్తు. దానికి కారణముంది.

కొన్నేళ్ల కిందట ఆవిడకి రొమ్ములో గడ్డ తీశారు. ఇంటికొచ్చాక చెయ్యి పైకి లేచేది కాదు. వంటింటి పక్క గదిలో పడుకుని, మొగుడు డొమెనిక్ గుడ్లు మాడుస్తుంటే వాసన చూస్తూ ఏడ్చేది. డొమెనిక్ బస్సుల గ్యారేజీలో మెకానిక్. మనిషి మంచివాడే కానీ ఓదార్పు మాటలు చేతకావు. ఆ ఆదివారం అతను ఆవిడకి చెప్పకుండా రేడియోకి ఫోన్ చేశాడు. పదకొండున్నరకి ఎవరెట్ గొంతు మామూలుగానే, తొందర లేకుండా అన్నది: "బ్లాండీనా వీధిలో ఒక వంటిల్లు ఇవాళ చల్లగా ఉందట. ఆ ఇంటావిడ లేచి గరిట పట్టేదాకా మనం కాస్త కాపలా ఉందాం." ఆ తర్వాత గంటసేపు ఆవిడ ఎప్పుడెప్పుడు ఫోన్ చేసి ఏ పాట అడిగిందో గుర్తుపెట్టుకుని, అవన్నీ వరసగా వేశాడు. ఫిలొమీనా దిండులో మొహం పెట్టుకుని విన్నది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆయన్ని కళ్లారా చూసింది లేదు.

అలాంటి ఎవరెట్, మంచు పూర్తిగా కరగని ఒక వసంతంలో, ఉన్నట్టుండి లేకుండా పోయాడు. వీడ్కోలు మాట కూడా లేదు. స్టేషన్ వాళ్లు రెండు వాక్యాల ప్రకటన చదివారు. కార్యక్రమాల్లో మార్పులు చేస్తున్నామని, ఎవరెట్ గారి సేవలకి కృతజ్ఞతలని. వచ్చే వారం నుంచి అమెలా హోడ్జిచ్ అనే అమ్మాయి.

"గెంటేశారు," అన్నది ఫిలొమీనా గరిట పట్టుకునే. "ముసలాడైపోయాడని గెంటేశారు."

"నీకెలా తెలుసు?" అన్నాడు డొమెనిక్.

"ఎందుకు తెలీదు? నిన్ను గ్యారేజీలోంచి పంపినప్పుడు కూడా ఇలాగే కృతజ్ఞతలన్నారుగా!"

డొమెనిక్ లేచి వెళ్లి చెత్తబుట్ట బయట పెట్టొచ్చాడు.

అమెలా మొదటి ఆదివారం బాగా నవ్వింది. మాటకి ముందు నవ్వు, మాట తర్వాత నవ్వు. నాటకం మొదట్లో తెర లేవకముందు వాయిద్యం వస్తుంది చూడండి, అది మొదలవగానే దాని మీద పడి మాట్లాడింది. పాట చివర గాయని గుక్క పట్టి నిలబెట్టిన స్వరం మీద వాతావరణం చెప్పింది. పాతవి కొన్ని వేసి, గబగబా మాటల్లా సాగే కొత్త నాటకాల పాటలు ఎక్కువ వేసింది.

ఇంకేముంది, స్టేషన్ వెబ్‌సైటు కింద శ్రోతల అభిప్రాయాలు వరద కట్టాయి. "ఆ అమ్మాయి నవ్వగానే మా కుక్క సోఫా కిందికి దూరుతోంది," అని ఒకావిడ. "నేను పెళ్లి చేసుకున్న ఏడు వచ్చిన పాటని ఆవిడ 'పురాతన రత్నం' అన్నది. మరి నన్నేమంటుంది?" అని ఇంకొకరు. "ఇది పాటల కార్యక్రమమా, పక్కింటి పిల్ల ఫోన్ సంభాషణా?" అని మరొకరు. మధ్యలో ఎవరో పాపం, "మా మనవరాలు మొదటిసారి నా పక్కన కూచుని విన్నది, నాకు బాగానే ఉంది," అని రాస్తే, ఆవిడ మీద పదిమంది పడ్డారు. ఫిలొమీనా కూడా రాసింది. "ఎవరెట్ గారు మాట్లాడితే పాటకి తలుపు తీసినట్టుండేది. ఈ పిల్ల తలుపుకి అడ్డంగా నిలబడి మాట్లాడుతోంది." ఆ మాట చాలామందికి నచ్చింది. మార్విన్ స్క్లార్ అనే ఆయన వెతుక్కుంటూ వచ్చి మరీ ఆవిడని కలిశాడు.

మార్విన్ ఒకప్పుడు చెప్పుల దుకాణం నడిపినవాడు. ఎనభై దాటినా నోరు మాత్రం పాతికేళ్లదే. "తల్లీ, నువ్వు ముందుండు, నేను వెనక నుంచి అరుస్తాను," అన్నాడు. ఇద్దరూ కలిసి బేకరీలో, చర్చి గుమ్మంలో, ఆఖరికి పళ్ల డాక్టరు గదిలో కూడా సంతకాలు పోగు చేశారు. ఎవరెట్‌ని వెనక్కి తేవాలి, అంతే. "కొత్తవి వెయ్యడు, అదీ ఆయన గొప్ప! ఈ రెండేళ్లలో తెలియని పాట ఒక్కటి వినిపించాడా?" అనేవాడు మార్విన్ గుండెల మీద చెయ్యేసుకుని.

జూన్ నెల వచ్చేసరికి స్టేషన్ మేనేజర్ లైల్ బిక్‌ఫర్డ్ చేతులెత్తేశాడు. శ్రోతలందరితో చర్చి కింద హాల్లో సమావేశం పెడతానన్నాడు. దానికి రెండ్రోజుల ముందు ఫిలొమీనాకి ఫోన్ చేసి, "మీరు గెలిచారండీ. ఎవరెట్ మళ్లీ వస్తానన్నాడు. సమావేశంలో చెప్పేస్తాను," అన్నాడు.

ఫిలొమీనా ఫోన్ పెట్టేసి వంటింట్లో ఒక చుట్టు గిరగిరా తిరిగింది. మర్నాడు శనివారం. టొమాటో గుజ్జు పరిచిన మందపాటి రొట్టె ఒక పళ్లెం నిండా కాల్చి, గుడ్డ కప్పి, కారెక్కి పక్క ఊరు బార్నవెల్డ్ దారి పట్టింది. ఎవరెట్ ఇల్లు అక్కడే అని మార్విన్ ఎప్పుడో కనిపెట్టాడు. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ వెళ్లింది. మీరు నా మంచం దగ్గర కాపలా ఉన్నారు, ఇప్పుడు నేను మీకు కాపలా ఉన్నాను, అనాలనుకుంది. అనుకుంటేనే కళ్లు చెమ్మగిల్లాయి.

తలుపు తీసింది పొడుగాటి మనిషి. రేడియోలో గొంతుని బట్టి ఆవిడ లావుపాటి మనిషిని ఊహించుకుంది.

"ఎవరెట్ గారా? నేను ఫిలొమీనానండీ. బ్లాండీనా వీధి."

ఆయన ఆవిడ కళ్లలోకి కాకుండా పెదాల వైపు చూశాడు. తర్వాత మొహం విచ్చుకుంది. విచ్చుకున్నంత తొందరగానూ వాడిపోయింది. "వంటిల్లు మీదేనా! రండి, రండి," అన్నాడు, కానీ ఆ రమ్మనడంలో ఏదో భయం ఉంది.

ఆయన భార్య బెర్నిస్ కాఫీ పెట్టింది. రొట్టె ముక్కలు కోసింది. ఆవిడ మొహమాటం లేని మనిషి. "ఓహో, సంతకాలావిడా? మా ఆయన నిద్ర చెడగొట్టింది మీరేనన్నమాట," అన్నది కప్పు అందిస్తూ.

"బెర్నీ!" అన్నాడు ఎవరెట్.

ఫిలొమీనాకి అర్థం కాలేదు. ముందుగదిలో రికార్డుల అలమరా గోడంత ఉంది. ఆ పక్కనే పెట్టిన రికార్డు ప్లేయరు మీద మాత్రం మూత మూసి, పైన పూల కుండీలు పెట్టారు. కుండీల కింద నీటి మరకలు ఎండి ఉన్నాయి. ఈ మధ్యలో ఎవరూ ఆ మూత తెరవలేదని చూస్తేనే తెలుస్తోంది.

"మీరు వెనక్కి వస్తున్నారని లైల్ చెప్పాడు," అన్నది నెమ్మదిగా. "సంతోషంగా లేదా మీకు?"

ఎవరెట్ చాలాసేపు కాఫీ కలుపుతూ కూచున్నాడు. అందులో చక్కెర వేసుకోలేదు, అయినా కలుపుతూనే ఉన్నాడు.

"నన్నెవరూ గెంటలేదండీ," అన్నాడు చివరికి. "నేనే మానేశాను. రెండేళ్లుగా మానేద్దామని చూస్తున్నాను. మానేస్తున్నానని చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో ఫోన్ చేసేవాళ్లు. మా అమ్మ ఆస్పత్రిలో ఉంది, మీ గొంతు వింటే తినగలుగుతోంది అనేవాళ్లు. ఎలా మానను?"

"మరి ఇప్పుడెందుకు..."

"నా చెవులు చెడిపోయాయి." ఆ మాట ఆయన చాలా తేలిగ్గా అన్నాడు, ఎన్నోసార్లు లోపల్లోపల అనుకుని అరగదీసిన మాటలా. "మాటలు వినిపిస్తాయి. కాస్త ఎదురుగా ఉంటే చాలు. కానీ పాటలు... ఎలా చెప్పను? మంచి పియానోలో సగం తీగలు వదులు చేసి, మీకు బాగా ఇష్టమైన పాటని దాని మీద వాయించారనుకోండి. ప్రతి పాటా అలాగే. నేను ప్రాణం పెట్టుకున్న గొంతులన్నీ నాకు రేకు డబ్బాలో అరిచినట్టు వినిపిస్తాయి. డాక్టరు వయసన్నాడు. యంత్రం పెట్టుకుంటే మాటలు ఇంకా బాగుంటాయట, పాటలు ఇంకా పాడవుతాయట."

ఫిలొమీనా చేతిలో కప్పు కింద పెట్టేసింది. "మరి ఈ మధ్యదాకా మీరు..."

"రెండేళ్లు. స్టూడియోలో చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు తీసి మెళ్లో వేసుకునేవాణ్ని. పాట వేసి, అది నా తల్లో ఎలా ఉందో అలా పాడుకుంటూ కూచునేవాణ్ని. తల్లో ఇంకా శ్రుతిలోనే ఉన్నాయి, దేవుడి దయ. అందుకే కొత్తవి వెయ్యలేకపోయాను. తల్లో లేనివి నాకు లేనట్టే కదా."

కొత్తవి వెయ్యకపోవడమే ఆయన గొప్పని మార్విన్ గుండెల మీద చెయ్యేసుకుని చెప్పింది ఫిలొమీనాకి గుర్తొచ్చింది.

"ఇవన్నీ లైల్‌కి చెప్పలేదా?"

"మానేస్తున్నానని చెప్పాను, ఎందుకో చెప్పలేదు. నిన్న ఫోన్ చేసి, ఇంతమంది మీ కోసం అడుగుతున్నారు, కాదంటారా అన్నాడు."

"కాదనడం ఈయనకి రాదు," అన్నది బెర్నిస్. "పెళ్లికి కూడా ఇలాగే ఒప్పుకున్నావా అని అడిగాను నిన్న."

ఎవరెట్ నవ్వాడు. ఆ నవ్వు మాత్రం అచ్చం రేడియోలోదే. "ఫిలొమీనా గారూ, ఈ రెండు నెలలూ ఆదివారాలు మేమిద్దరం సరస్సు దగ్గరకి వెళ్తున్నాం. పెళ్లయినప్పటి నుంచీ ఆదివారం పొద్దున ఈవిడతో బయటికి వెళ్లడం ఇదే మొదలు. అక్కడ రాళ్ల మీద నీళ్లు కొట్టుకుంటుంటే కూచుంటాను. నీళ్లు శ్రుతి తప్పవండీ. ఎంత సుఖంగా ఉందో మీకు చెప్పలేను. మీరంతా నా మీద ఎంత ప్రేమ చూపిస్తున్నారో నాకు తెలుసు. కానీ, తప్పుగా అనుకోకండి..." ఆయన ఆగిపోయాడు. పెద్ద మనిషి, బడిపిల్లాడిలా చేతులు నలుపుకుంటున్నాడు. "నన్ను వదిలేయండి."

ఆవిడ చెప్పాలనుకున్న కాపలా మాట నోట్లోనే ఉండిపోయింది. సిగ్గు ముంచుకొచ్చింది. కానీ దాని వెంటే వింతగా గుండెలోంచి ఏదో బరువు దిగిన సంగతి కూడా తెలిసింది. ఏప్రిల్ నుంచీ ఆవిడకి కళ్ల ముందు ఒకటే బొమ్మ కదిలేది. ఎక్కడో ఒక చీకటి గదిలో ఎవరెట్, ఎవరికీ పనికిరానివాడై, తలొంచుకుని కూచున్నట్టు. ఇక్కడ చూస్తే చెంపలు ఎండకి కాస్త కమిలి, మోకాళ్ల దగ్గర మట్టి మరకలున్న ప్యాంటుతో, రొట్టె ముక్క రెండోది తింటున్నాడు.

"చెవుల సంగతి మటుకు ఎవరికీ చెప్పకండి," అన్నాడు ఆయన. "నా వెనక పాటలు వినబడనివాడు అని కాదు, పాటలు వినిపించినవాడు అనుకోవాలని నాకు ఆశ."

"చెప్పను. లైల్‌తో కూడా నేనే మాట్లాడతాను. మీరు ఫోన్ ఎత్తకండి చాలు."

బెర్నిస్ లేచి వచ్చి ఆవిడ భుజం గట్టిగా నొక్కి వెళ్లింది.

లైల్ ముందు నమ్మలేదు. తర్వాత బెర్నిస్‌ని అడిగి ఎవరెట్ రావడం లేదని రూఢి చేసుకుని, "అయితే రేపు మీరే చెప్పండమ్మా. నేను చెప్తే నన్ను బతకనివ్వరు," అన్నాడు.

ఆదివారం సాయంత్రం చర్చి కింద హాల్లో కుర్చీలు చాల్లేదు. గోడలకి ఆనుకుని కూడా జనం. అమెలా ముందు వరస చివర, లోపల ఉక్కగా ఉన్నా జాకెట్ విప్పకుండా కూచుంది, ఏ క్షణమైనా లేచి పోయేదానిలా. ఊళ్లోనే పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ల నాన్న బోస్నియా నుంచి యుద్ధం తప్పించుకొచ్చి ఇక్కడ పెయింటు పనిలో చేరాడు. అయినా అభిప్రాయాల్లో ఎవరో, మీ దేశం పాటలు వేసుకో అని రాశారు. అది చదివాక ఆ పిల్ల రెండు రోజులు స్టేషన్‌కి రాలేదని లైల్ ఫిలొమీనా చెవిలో చెప్పాడు.

ఫిలొమీనా లేచి నిలబడింది. పేరు పిలవగానే చప్పట్లు.

"ఎవరెట్ గారి ఇంటికి వెళ్లొచ్చాను," అన్నది. చప్పట్లు పెరిగాయి. చెయ్యెత్తి ఆపింది. "ఆయన రారు. మనం ఇక అడగకూడదు."

ఎవరెవరో కుర్చీల్లోంచి లేచారు. తర్వాత ఒక్కసారిగా గోల.

మార్విన్ చేతికర్ర నేలకేసి కొట్టాడు. "ఏమిటే తల్లీ ఇది? నా చేత ఇన్ని మెట్లెక్కించి సంతకాలు పోగు చేయించావు! వాళ్లు నిన్ను కొనేశారా?"

"నన్నెవరు కొంటారు మార్విన్? బడి క్యాంటీన్లో మిగిలిన మాకరోనీ కూడా ఎవరూ కొనరు." కొందరు నవ్వారు. "ఆయన్నెవరూ గెంటలేదు. తనంతట తనే మానేశారు. ఎందుకని నన్నడగకండి, చెప్పనని మాటిచ్చాను. కానీ నేను కళ్లారా చూశాను. మనిషి బాగున్నాడు. మొహంలో కళ వచ్చింది. ఆదివారం పూట పెళ్లాంతో షికారు వెళ్తున్నాడు. పాతికేళ్లు మన ఆదివారాలకి ఆయన కాపలా ఉన్నాడు. ఆయన ఆదివారాలు ఆయనకిచ్చేద్దాం."

మార్విన్ చేతికర్ర ఒళ్లో పెట్టుకున్నాడు. "నిజంగా బాగున్నాడా?" అన్నాడు, అంతకుముందెప్పుడూ వినని చిన్న గొంతుతో. "నేను... ఏదైనా జబ్బేమోనని అనుకుంటున్నాను ఇన్నాళ్లూ."

"నేను కాల్చిన రొట్టె రెండు ముక్కలు తిన్నాడు. బెర్నిస్ ఆపకపోతే మూడోది కూడా తినేవాడు."

మార్విన్ కుర్చీలో వెనక్కి వాలాడు. జేబురుమాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు. హాలంతటా అందరూ ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. కోపంగా వచ్చిన వాళ్లలో చాలామందికి లోపలున్నది భయమని అప్పుడు తెలిసింది.

ఫిలొమీనా ఇంకా కూచోలేదు. అమెలా వైపు తిరిగింది. "అమ్మాయ్, నిన్నొకటి అడగనా? వాయిద్యం మొదలవగానే దాని మీద పడి ఎందుకు మాట్లాడతావు? నీకెందుకంత తొందర?"

అమెలా లైల్ వైపు చూసింది. లైల్ పైకప్పు వైపు చూశాడు.

"నాకూ ఇష్టం ఉండదండీ," అన్నది అమెలా. జాకెట్ గుండీ ఒకటి విప్పింది. "మనిషి గొంతు కాసేపు వినబడకపోతే జనం వేరే స్టేషన్‌కి వెళ్లిపోతారట. మాట్లాడుతూనే ఉండాలి, నవ్వుతూ ఉండాలి అని చెప్పారు. ఇంటికెళ్లాక బుగ్గలు నొప్పెడతాయి."

అందరి తలలూ లైల్ వైపు తిరిగాయి. లైల్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "సలహాదారుడొకాయన వచ్చి చెప్పాడండీ... సిరాక్యూస్ నుంచి..."

"మేం పాతికేళ్లలో ఎప్పుడైనా మార్చామటయ్యా?" అన్నాడు మార్విన్, గొంతు తిరిగొచ్చేసి. "నా రేడియోకి మార్చే గుండీ విరిగిపోయి పదేళ్లయింది!"

ఆ నవ్వుల్లో అమెలా కూడా నవ్వింది. అది రేడియోలో వచ్చే నవ్వు కాదు. ముక్కులోంచి వచ్చిన చిన్న నవ్వు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ తర్వాత మాటలు చాలాసేపు సాగాయి. వెనక వరసలోంచి, మనవరాలి గురించి రాసినావిడ లేచి, కొత్త పాటలు తీసేస్తే తనూ సంతకాలు పోగు చేస్తానని బెదిరించింది. మొదటి గంట పాతవని, తర్వాత అమెలా ఇష్టమని, పాట మీద గానీ వాయిద్యం మీద గానీ ఎవరూ మాట్లాడకూడదని తేలింది. గబగబా మాటల పాటలు వారానికి ఒక్కటి చాలన్నాడు మార్విన్. రెండన్నది అమెలా. "నా ప్రాణం తీస్తావు," అన్నాడు కానీ ఒప్పుకున్నాడు. సలహాదారుడికి ఏం చెప్పాలో లైల్ చూసుకుంటానన్నాడు. వచ్చేటప్పుడు బిగుసుకుపోయిన మనిషి, వెళ్లేటప్పుడు కుర్చీలు మడుస్తూ ఈల వేశాడు.

ఇంటికి వస్తుంటే డొమెనిక్ అడిగాడు, "ఇంతకీ ఆయనెందుకు మానేశాడు?"

"చెప్పనన్నానుగా."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

డొమెనిక్ కారు మలుపు తిప్పాడు. "సరేలే. బాగున్నాడుగా," అన్నాడు. రెండు నెలలుగా పట్టుకుపోయిన భుజాలు ఎప్పుడు వదులయ్యాయో ఫిలొమీనాకి తెలియలేదు. తల వెనక్కి వాల్చి, ఇల్లు వచ్చేదాకా కళ్లు మూసుకుంది.

తర్వాతి ఆదివారం అమెలా నాటకం పేరు చెప్పి, "వినండి," అని ఆగింది. ఆగడం అంటే నిజంగానే ఆగింది. మొన్న తిన్న తిట్లు గుర్తున్నాయో ఏమో, రికార్డు మొదలయ్యే ముందు కూడా ఊపిరి తీసుకోనట్టు ఊరుకుంది. వంటింట్లో ఏ చప్పుడూ లేదు.

"రేడియో చచ్చిపోయినట్టుందే," అంటూ డొమెనిక్ లేచి, దాని నెత్తి మీద ఒకటి కొట్టడానికి చెయ్యెత్తాడు.

"కూచోవయ్యా బాబూ," అన్నది ఫిలొమీనా. "ఆ పిల్ల నోరు మూసుకుంది, అంతే."

అంతలోనే తంత్రీవాద్యాలు ఒక్కసారిగా లేచాయి, పైన ఎవరి మాటా లేకుండా.